కోఆర్డినేటర్‌గా కూడా చెయ్యని మనిషి చేతికి క్లెమ్సన్: డాబో స్వినీ మొదటి పదేళ్ళు

ప్రశ్న: మా మేనల్లుడికి క్లెమ్సన్‌లో ఎం.ఎస్. సీటు వచ్చింది. అక్కడ ఫుట్‌బాల్ పిచ్చి ఎక్కువని అందరూ అంటున్నారు. 2008లో ఎవరికీ తెలియని అసిస్టెంట్‌ని హెడ్ కోచ్‌ని చేస్తే పదేళ్ళు తిరిగేసరికి రెండుసార్లు నేషనల్ ఛాంపియన్లు అయ్యారట. అదృష్టమా, డబ్బా, లేక ఆ మనిషిలో నిజంగా ఏదైనా ఉందా? ఆట తెలియనివాళ్ళకి అర్థమయ్యేలా చెప్పండి. మావాడు వెళ్ళాక ఏ గేమ్ చూడాలో కూడా చెప్పండి.

జవాబు:

నేను 2008 ఆగస్టులో క్లెమ్సన్‌లో దిగాను, ఎం.ఎస్.కే. చదువయ్యాక గ్రీన్‌విల్‌లో ఉద్యోగం దొరికింది, ఇక్కడే ఉండిపోయాను. స్టేడియం ముప్పావుగంట దూరం. మీరడిగిన పదేళ్ళూ నా కళ్ళముందే జరిగాయి. నారింజరంగు చొక్కాలు అర డజను ఉన్నవాణ్ణి కాబట్టి పక్షపాతం లేదని బుకాయించను. అయినా నా జవాబు మావాళ్ళు మామూలుగా చెప్పేది కాదు. మీరడిగిన ఆ హెడ్ కోచ్ డాబో స్వినీ గొప్ప వ్యూహకర్త కాబట్టి గెలిచాడని నేననుకోను. రెండుసార్లు పరువు పోయేలా ఓడిపోయాడు. రెండుసార్లూ తన పక్కనున్న మనిషిని మార్చాడు, ఆ పని తనకంటే బాగా తెలిసినవాణ్ణి బయటినుంచి తెచ్చుకున్నాడు, ఆ తర్వాత వాడి పనిలో వేలు పెట్టలేదు. పదేళ్ళ కథలో సగం ఇదే. మిగతా సగం, తీసెయ్యాల్సిన రోజున అతన్ని తీసెయ్యని ఒక పెద్దాయన.

ముందు ఊరి సంగతి. క్లెమ్సన్ సౌత్ కరోలైనా రాష్ట్రంలో చిన్న ఊరు, జనాభా పదిహేడు వేల చిల్లర. స్టేడియంలో పట్టేది ఎనభై ఒక్క వేల పైన. గేమ్ శనివారం నాడు మన వైపు తిరునాళ్ళలా ఉంటుంది, కాకపోతే బండ్ల బదులు పికప్ ట్రక్కులు, వాటి వెనక పొయ్యిలు, మాంసం కాలుతున్న పొగ. రోడ్డు మీద పులి పంజా గుర్తులు పెయింట్ చేసి ఉంటాయి. 1934లో ఏడాదికి పది డాలర్లు చందా కట్టండి అని మొదలుపెట్టిన ఒక సంఘం ఉంది, 'ఐప్టే' అంటారు. 'ఏటా పది కడతాను' అన్న ఇంగ్లీషు మాటకి పొట్టి రూపం. ఆటగాళ్ళ స్కాలర్‌షిప్పులకి డబ్బు వచ్చేది అందులోంచే. 1977 నుంచి మావాళ్ళు వేరే ఊరికి గేమ్‌కి వెళ్తే రెండు డాలర్ల నోట్ల మీద నారింజరంగు పంజా ముద్ర కొట్టి ఖర్చుపెడతారు, మేమొచ్చి మీ ఊళ్ళో ఇంత డబ్బు పోశాం అని తెలియడానికి. అలాంటి నోటు ఒకటి నా పర్సులో ఇప్పటికీ ఉంది.

ఇంకో సంగతి, ఇక్కడ ఫుట్‌బాల్ అంటే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే, విసిరే అమెరికన్ ఆట. అందులో కాలేజీ హెడ్ కోచ్ అంటే మన క్రికెట్ కోచ్ లాంటివాడు కాదు. సెలెక్టరూ అతనే, మేనేజరూ అతనే, పదిహేడేళ్ళ కుర్రాళ్ళ ఇళ్ళకి వెళ్ళి వాళ్ళమ్మ పక్కన కూచుని మీవాణ్ణి నాకప్పగించండి అని అడిగేదీ అతనే. అతని కింద ఇద్దరు ముఖ్యులుంటారు. బంతి మన చేతిలో ఉన్నప్పుడు ఏ ఆట ఆడాలో చెప్పేవాడు అఫెన్సివ్ కోఆర్డినేటర్, ఎదుటివాణ్ణి ఎలా ఆపాలో చెప్పేవాడు డిఫెన్సివ్ కోఆర్డినేటర్. మామూలుగా ఈ రెంటిలో ఏదో ఒకటి కొన్నేళ్ళు చేసినవాణ్ణే హెడ్ కోచ్‌ని చేస్తారు. స్వినీ ఏదీ చెయ్యలేదు.

ఎవరీ మనిషి అంటే, అలబామాలో పెల్హామ్ అనే ఊరివాడు. తండ్రి తాగుడుతో ఇల్లు చెదిరిపోయింది. కాలేజీలో ఉండగా వాళ్ళమ్మ ఇతనితోపాటు అదే అపార్ట్‌మెంట్‌లో ఉండేది. అలబామా టీంలోకి స్కాలర్‌షిప్ లేకుండా వాక్-ఆన్‌గా, అంటే ఎవరూ పిలవకుండా తనంతట తానే వెళ్ళి చేరాడు. 1992లో ఆ టీం నేషనల్ టైటిల్ గెలిచినప్పుడు అందులో ఉన్నాడు. తర్వాత అక్కడే అసిస్టెంట్ కోచ్ అయ్యాడు, పై కోచ్‌ని తీసేసినప్పుడు ఇతని ఉద్యోగమూ పోయింది. రెండేళ్ళు బర్మింగ్‌హామ్‌లో షాపింగ్ సెంటర్లలో దుకాణాలు లీజుకిచ్చే కంపెనీలో పనిచేశాడు. 2003లో అప్పటి క్లెమ్సన్ హెడ్ కోచ్ టామీ బౌడెన్ పిలిచి అక్కడ రిసీవర్లకి, అంటే పాస్‌లు పట్టే కుర్రాళ్ళకి కోచ్‌ని చేశాడు.

నేను దిగిన ఏడాది సీజన్‌కి ముందు మాది దేశంలో తొమ్మిదో ర్యాంకు. మొదటి గేమ్ అట్లాంటాలో అలబామా మీద, 34-10తో చిత్తయ్యాం. అక్టోబర్ 9, గురువారం రాత్రి వేక్ ఫారెస్ట్ మీద 12-7తో ఓడిపోయాం. నేనప్పుడు క్యాంపస్ డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగే పని చేస్తున్నాను. ఆ రాత్రి మా సూపర్‌వైజర్, అరవై దాటిన ఆయన, రేడియో కట్టేసి ఏప్రన్ విప్పి ట్రే మీదకి విసిరి, 'మళ్ళీ మొదలు' అన్నాడు. నాకేం అర్థం కాలేదు. సోమవారానికల్లా బౌడెన్ తప్పుకున్నాడు. 1999 నుంచీ ఉన్నవాడు, 72 గెలుపులున్నవాడు, ఒక్క కాన్ఫరెన్స్ టైటిల్ (మా టీం ఆడే కాలేజీల లీగు టైటిల్) కూడా తేలేదు. గెలవాల్సినవి ఓడిపోవడం అప్పటికే మావాళ్ళకి జబ్బులా పట్టుకుంది. తర్వాత్తర్వాత దానికి 'క్లెమ్సనింగ్' అని పేరే పెట్టారు, ఊరి పేరుని క్రియ చేసి తిట్టుకోవడం!

అథ్లెటిక్ డైరెక్టర్, అంటే కాలేజీ ఆటలన్నిటికీ పైఅధికారి, టెర్రీ డాన్ ఫిలిప్స్, నేను చెప్పిన పెద్దాయన ఆయనే, అనుభవం ఉన్న కోఆర్డినేటర్లని పక్కనపెట్టి ముప్పై ఎనిమిదేళ్ళ స్వినీని తాత్కాలిక కోచ్‌ని చేశాడు. స్వినీ వచ్చీరాగానే చేసిన మొదటి పని అఫెన్సివ్ కోఆర్డినేటర్‌ని పంపించెయ్యడం. ఆర్నెల్లో ఏడాదో కాదు, మిగిలినవి ఆరు గేమ్‌లు, అది కూడా తాత్కాలిక ఉద్యోగం, అందులో ఆ ధైర్యం! అప్పుడు నాకది పొగరనిపించింది. ఆ శనివారం జార్జియా టెక్ మీద మొదటి గేమ్. ఆటగాళ్ళు బస్సు దిగి జనం మధ్యలోంచి నడుచుకుంటూ స్టేడియంలోకి వెళ్ళే పద్ధతి ఆ రోజే మొదలుపెట్టాడు. నేనూ నా రూమ్మేట్లూ రోడ్డు పక్కన నుంచుని చూశాం. 21-17తో ఓడిపోయాం. కానీ మిగిలిన ఐదింటిలో నాలుగు గెలిచాడు, చివరిది పక్కింటి శత్రువు సౌత్ కరోలైనా యూనివర్సిటీ మీద, 31-14. రెండు రోజుల తర్వాత ఉద్యోగం ఖాయం చేశారు.

2009 బాగానే జరిగింది, కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్ళి ఓడిపోయాం. 2010 ఘోరం. 6-7. మా సొంత స్టేడియంలోనే సౌత్ కరోలైనా చేతిలో 29-7. స్వినీయే తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు: ఆ రాత్రి ఆఫీసుకి వెళ్తే ఫిలిప్స్ అక్కడ కూచుని ఉన్నాడట, ఉద్యోగం పోయిందనే అనుకున్నాడట. ఆయన మాత్రం, నీ మీద నా నమ్మకం ముందుకంటే పెరిగింది అని చెప్పి వెళ్ళాడట. ఆ రోజు ఊళ్ళో ఓటు పెట్టి ఉంటే స్వినీకి డిపాజిట్ కూడా దక్కేది కాదు. నాతో సహా. మన దగ్గర ఎవరైనా ఇలాంటి నిర్ణయం తీసుకుంటే వెనక ఏదో బంధుత్వం ఉందంటాం. ఇక్కడ అలాంటిదేం లేదు. ఫిలిప్స్ ముందునుంచీ ప్రాక్టీసుల దగ్గర నుంచుని, మిగతా కోచ్‌లు కుర్రాళ్ళతో ఎలా ఉంటున్నారు, ఇతనెలా ఉంటున్నాడు అని చూస్తూ ఉండేవాడు. స్కోరు బోర్డులో కనపడనిది ఆయనకక్కడ కనపడింది.

ఇక మొదటి మార్పు. ఓటమి తర్వాత స్వినీ తన అఫెన్సివ్ కోఆర్డినేటర్ బిల్లీ నేపియర్‌ని తీసేశాడు. తనే పెంచిన కుర్రాడు, తనే పై ఉద్యోగం ఇచ్చిన మనిషి. అతని స్థానంలో తల్సా అనే కాలేజీ నుంచి చాడ్ మోరిస్‌ని తెచ్చాడు. మోరిస్ అంతకు ఏడాది ముందు దాకా టెక్సస్‌లో హైస్కూల్ కోచ్. ఆట మధ్యలో గుమిగూడడాలు లేకుండా, ఎదుటివాడు సర్దుకునేలోపు తర్వాతి ఆట మొదలుపెట్టే వేగం అతనిది. 2011లో సామీ వాట్కిన్స్ లాంటి కుర్రాళ్ళు చేరారు, ఈ వేగం కలిసింది, ఇరవై ఏళ్ళ తర్వాత మొదటి కాన్ఫరెన్స్ టైటిల్. ఇంకో ముఖ్యమైన సంగతి, జార్జియాలో గైన్స్‌విల్ అనే ఊళ్ళో పదో తరగతి చదువుతున్న డెషాన్ వాట్సన్ అనే కుర్రాడికి ఈ మోరిస్ ఆట నచ్చి, 2012 ఫిబ్రవరిలోనే, అంటే కాలేజీకి రావడానికి రెండేళ్ళ ముందే, క్లెమ్సన్‌కే వస్తానని మాటిచ్చాడు. ఎన్ఎఫ్ఎల్‌కి, అంటే జీతాలిచ్చి ఆడించే ప్రొఫెషనల్ లీగుకి, వెళ్ళాక వాట్సన్ కథ వేరు, అదిక్కడ వద్దు.

అప్పుడొచ్చింది ఆరెంజ్ బౌల్, సీజన్ చివర ఆడే పెద్ద గేమ్‌ల్లో ఒకటి. 2012 జనవరి 4, మయామి, వెస్ట్ వర్జీనియా మీద. నేను కొత్తగా ఉద్యోగంలో చేరి గ్రీన్‌విల్‌లో ఉన్నాను, ఆరుగురం తెలుగువాళ్ళం మా అపార్ట్‌మెంట్‌లో చేరాం, పులిహోర, పిజ్జా రెండూ ఉన్నాయి. రెండో క్వార్టర్‌లో 21-17, మేం వెనక. బంతి వాళ్ళ గీతకి ఒక గజం దూరంలో, లోపలికి తోస్తే మేం ముందుకొస్తాం. ఆండ్రే ఎల్లింగ్టన్ బంతి పట్టుకుని గుంపులోకి దూరాడు. ఏమైందో తెలియలేదు. గుంపులోంచి వాళ్ళ డార్విన్ కుక్ బంతి పట్టుకుని ఒక్కడే బయటికొచ్చి మొత్తం మైదానం పరిగెత్తాడు, 99 గజాలు. చివర ఆగలేక అక్కడ నుంచున్న నారింజపండు బొమ్మ వేషం మనిషిని వాటేసుకుని కింద పడేశాడు. మా ఇంట్లో ఒకడు నవ్వాడు, మిగతా ఐదుగురం వాడి వంక చూశాం. సగం ఆటకి 49-20. చివరికి 70-33. డెబ్భై! సోమవారం ఆఫీసులో ఎవరో నా డెస్క్ మీద నారింజపండు పెట్టారు.

ఆ ఓటమి లేకపోతే తర్వాతి గెలుపులు లేవని నేను గట్టిగా నమ్ముతాను. డిఫెన్సివ్ కోఆర్డినేటర్ కెవిన్ స్టీల్‌ని పంపించేశారు. సరిగ్గా అదే సమయానికి ఓక్లహామాలో చిన్న కుటుంబ వ్యవహారం జరిగింది: అక్కడి హెడ్ కోచ్ బాబ్ స్టూప్స్ తన తమ్ముడు మైక్‌ని మళ్ళీ డిఫెన్స్‌కి తెచ్చుకున్నాడు. 1999 నుంచీ అక్కడే ఉన్న బ్రెంట్ వెనబుల్స్‌కి ఇక ఇరుకైపోయింది. స్వినీ అందుకున్నాడు. అదృష్టమా అని మీరడిగారు కదా, ఇదిగో ఇక్కడుంది. ఓక్లహామా తమ్ముణ్ణి పిలవకపోతే వెనబుల్స్ మాకు దొరికేవాడు కాదు. కానీ దొరికినవాణ్ణి పదేళ్ళు కదలకుండా ఉంచుకోవడం అదృష్టం కాదు. చివరికి అతని జీతం ఏటా ఇరవై లక్షల డాలర్ల పైకి వెళ్ళింది. అసిస్టెంట్‌కి అంత ఇచ్చేవాళ్ళు అప్పుడు దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది.

వెనబుల్స్‌ని మైదానం పక్కన చూడాలి. చేత్తో సైగలు, గెంతులు, అరుపులు, ఆవేశంలో తెలియకుండా మైదానంలోకి వెళ్ళిపోతాడు, వెళ్తే టీంకి జరిమానా పడుతుంది. అందుకని అతన్ని వెనక్కి లాగడానికే ఒక మనిషి ఉండేవాడు, కండలు తిరిగిన ఫిట్‌నెస్ కోచ్. ప్యాంటు బెల్టు పట్టుకుని లేగదూడని లాగినట్టు లాగేవాడు. గేమ్ బోరు కొడితే మా అమ్మాయి వాళ్ళిద్దర్నే చూసేది. 2014కి ఈ డిఫెన్స్ ఎదుటివాళ్ళకి అతి తక్కువ గజాలిచ్చి దేశంలోనే మొదటి స్థానంలో ఉంది. డెబ్భై పాయింట్లిచ్చిన టీం, మూడు సీజన్ల తర్వాత.

మధ్యలో ఒక గేమ్ గురించి చెప్పాలి. ఆట నియమం ఇంతే: నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు వెళ్ళాలి, లేదంటే బంతి వదిలెయ్యాలి. 2012 డిసెంబర్ 31, అట్లాంటా, లూయిసియానా స్టేట్ (ఎల్ఎస్‌యూ) మీద. 24-22తో వెనక ఉన్నాం, రెండు నిమిషాల లోపే ఉంది, బంతి మా సొంత పద్నాలుగో గజం గీత దగ్గర. మూడు ప్రయత్నాలు అయిపోయాయి. కావాల్సింది పదహారు గజాలు. టాజ్ బాయిడ్ విసిరాడు, డీయాండ్రే హాప్కిన్స్ ఇద్దరి మధ్య అందుకున్నాడు, ఇరవై ఆరు గజాలు. అక్కణ్ణుంచి మెల్లగా పైకి జరిగి, గడియారం సున్నా అయ్యేసరికి చాండ్లర్ కాటన్‌జారో 37 గజాల నుంచి బంతిని గోల్ స్తంభాల మధ్యకి తన్నాడు (ఫీల్డ్ గోల్ అంటారు, మూడు పాయింట్లు). 25-24. పాత క్లెమ్సన్ అయితే ఆ నాలుగో ప్రయత్నం దగ్గరే ఇంటికొచ్చేది. నాలుగు, పదహారు అంటే చాలు ఇప్పటికీ ఇక్కడ జనానికి అర్థమైపోతుంది.

అయినా రోగం పూర్తిగా పోలేదు. 2013లో ఇంట్లో ఫ్లోరిడా స్టేట్ 51-14తో తొక్కేసింది. అంతకంటే నొప్పి సౌత్ కరోలైనాది. స్టీవ్ స్పరియర్ కోచ్‌గా ఉండగా 2009 నుంచి 2013 దాకా వరసగా ఐదేళ్ళు మమ్మల్ని ఓడించారు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు మనవాళ్ళు, మాది తిరగబడింది. ఎల్ఎస్‌యూ లాంటివాళ్ళని గెలిచొచ్చి, రెండు గంటల దూరంలో ఉన్న కొలంబియా వాళ్ళ చేతిలో ఓడిపోయేవాళ్ళం. ఆఫీసులో సగం మంది ఆ కాలేజీవాళ్ళే. 2014 నవంబర్‌లో మొదటి ఏడాది కుర్రాడు వాట్సన్ చిరిగిన మోకాలి లిగమెంట్‌తో కట్టు కట్టుకుని ఆడి 35-17తో గెలిపించాక ఆ శని వదిలింది. ఆ డిసెంబర్‌లోనే మోరిస్ హెడ్ కోచ్‌గా ఎస్ఎంయూ అనే కాలేజీకి వెళ్ళిపోయాడు. అతని స్థానంలోకి లోపలివాళ్ళే ఇద్దరు, టోనీ ఎలియట్, జెఫ్ స్కాట్. ఇద్దరూ ఒకప్పుడు క్లెమ్సన్‌లో రిసీవర్లుగా ఆడినవాళ్ళే. ఈసారి లోపలివాళ్ళయినా పనిచేసింది, ఎందుకంటే మోరిస్ వేసిన పునాది అలాగే ఉంది, వాట్సన్ ఉన్నాడు.

2015 అక్టోబర్ 3. ఆ వారం సౌత్ కరోలైనాలో వరదలు, వాన ఆగలేదు. నోట్ర్ డామ్ వచ్చింది. స్టేడియంలోకి గొడుగులు రానివ్వరు. నా బూట్లలో నీళ్ళు, ముందు సీటాయన టోపీ అంచునించి నీళ్ళు నా ఒళ్ళో. వాళ్ళు ఏడు సెకన్లు ఉండగా టచ్‌డౌన్ చేసి, అంటే బంతిని మా గీత దాటించి, 24-22 చేశారు, సమం కావడానికి రెండు పాయింట్ల ప్రయత్నం. మూడో గజం నుంచి వాళ్ళ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు, నేరుగా దూరాడు, మావాళ్ళు ఆపేశారు. ఎనభై వేలమంది వానలో ఎగురుతున్నారు. ఆ రోజుతో 'క్లెమ్సనింగ్' అన్న ఆ దరిద్రపు క్రియాపదం చచ్చిపోయింది. ప్లేఆఫ్‌కి, అంటే నేషనల్ టైటిల్ కోసం ఆడే చివరి పోటీలకి, వెళ్తే ఊరందరికీ పిజ్జా పెడతానని స్వినీ ముందే మాటిచ్చాడు. డిసెంబర్‌లో నిజంగానే స్టేడియంలో పెట్టాడు, ముప్పై వేలమంది దాకా వచ్చారు. మేమూ వెళ్ళాం, చల్లారిన పిజ్జా, కానీ ఎవరూ పట్టించుకోలేదు.

ఫైనల్‌లో అలబామా 45-40తో గెలిచింది. వాట్సన్ 405 గజాలు విసిరాడు, అయినా చాలలేదు. 24-24 ఉండగా అలబామా వాళ్ళు బంతిని దూరంగా కాకుండా చిన్నగా పక్కకి తన్ని తామే పట్టుకున్నారు, అక్కడ తిరిగింది. మరుసటి ఏడాది టాంపాలో మళ్ళీ వాళ్ళే. 2017 జనవరి 9. నాలుగో క్వార్టర్‌ మొదలయ్యేసరికి 24-14తో వెనక. రెండు నిమిషాల ఏడు సెకన్లుండగా అలబామా 31-28తో ముందుకెళ్ళింది. ఇంట్లో అందరూ పడుకున్నారు, నేను సౌండ్ పెట్టకుండా చూస్తున్నాను. అరవై ఎనిమిది గజాలు వెళ్ళాలి. ఆరు సెకన్లు మిగిలేసరికి రెండో గజం గీత దగ్గర ఉన్నాం. ఫీల్డ్ గోల్ తన్నితే సమం, ఇంకా ఆట ఉంటుంది. తన్నలేదు. వాట్సన్ కుడిపక్కకి జరిగి చిన్నగా విసిరాడు, హంటర్ రెన్‌ఫ్రో ఒక్కడే ఉన్నాడు. గడియారంలో ఒక్క సెకను. నేను గట్టిగా అరిచాను, పాప ఏడుపు మొదలుపెట్టింది, మా ఆవిడ లేచొచ్చి ఏమైందంటే నాకు గొంతు రాలేదు. 35-31. 1981 తర్వాత మొదటి నేషనల్ టైటిల్.

రెన్‌ఫ్రో మర్టిల్ బీచ్ వైపు కుర్రాడు, బక్కగా, బ్యాంకులో క్యాషియర్‌లా ఉంటాడు. వాక్-ఆన్. స్కాలర్‌షిప్ లేకుండా వచ్చి చేరినవాడు. స్వినీ కూడా ఒకప్పుడు అంతే కదా. ఎవరూ పిలవని కుర్రాణ్ణి కూచోబెట్టి చూసే ఓపిక అతనికి ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. డబ్బు సంగతి కూడా అడిగారు కదా. ఆ 2017లోనే యాభై ఐదు మిలియన్ డాలర్లతో ఫుట్‌బాల్ వాళ్ళకోసమే కట్టిన ఒక భవనం తెరిచారు. లోపల పై అంతస్తునుంచి కిందికి జారుడుబల్ల, బౌలింగ్, చిన్న గోల్ఫు, కునుకు తియ్యడానికి గది. మనకి వింతే. కానీ అది గెలిచాక వచ్చిన డబ్బు. ముందు గెలుపు, తర్వాత భవనం. వరస తిరగేసి చెప్పేవాళ్ళని నమ్మకండి.

2018 గురించి చాలామంది రెండో టైటిల్ తెచ్చిన చివరి గేమ్‌ చెప్తారు, అలబామాని 44-16తో చితక్కొట్టింది. నాకు గుర్తుండేది సెప్టెంబర్ 29. ఆ సోమవారం మొదటి ఏడాది కుర్రాడు ట్రెవర్ లారెన్స్‌ని మొదటి క్వార్టర్‌బ్యాక్‌ని చేశారు. అంతకుముందు ఏడాది ప్లేఆఫ్‌కి తీసుకెళ్ళిన కెల్లీ బ్రయంట్ అలిగి టీం వదిలేశాడు. ఆ శనివారం సిరక్యూస్ మీద రెండో క్వార్టర్‌లో లారెన్స్ దెబ్బ తగిలి కూలబడ్డాడు. ఇక మిగిలింది చేజ్ బ్రైస్ అనే కుర్రాడు, జనానికి పేరు కూడా సరిగా తెలియదు. 23-20తో వెనక, 94 గజాలు వెళ్ళాలి. నాలుగో ప్రయత్నం, ఆరు గజాలు కావాలి, బ్రైస్ ఇరవై గజాలు విసిరాడు. ట్రావిస్ ఎటియన్ నలభై ఒక్క సెకన్లుండగా లోపలికి తోశాడు. 27-23. ఆ ఒక్కటీ పోయుంటే 15-0 లేదు. 1897లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ తర్వాత పెద్ద స్థాయిలో ఎవరూ పదిహేనుకి పదిహేను గెలవలేదు. మొత్తం లెక్క వేస్తే 2008 అక్టోబర్ నుంచి ఆ జనవరి దాకా 116 గెలుపులు, 30 ఓటములు. ఆ ముప్పైలో సగం మొదటి మూడు సీజన్లవే.

ఆ టీం డిఫెన్స్ ముందువరస నలుగురిలో ముగ్గురు ఏడాది ముందే ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్ళిపోవచ్చు, వెళ్ళలేదు. వాళ్ళలో క్రిస్టియన్ విల్కిన్స్ అప్పటికే డిగ్రీ పూర్తి చేసేశాడు, ఖాళీ రోజుల్లో చిన్నపిల్లల బళ్ళో సబ్‌స్టిట్యూట్ టీచర్‌గా వెళ్ళేవాడు. మూడొందల పౌండ్ల మనిషి చిన్న పిల్లల బెంచీల మధ్య. కోట్ల రూపాయలు వదులుకుని ఒక ఏడాది ఉండిపోవడం మామూలు విషయం కాదు. ఇది కోచ్ సంపాదించిన అభిమానమే, ఒప్పుకుంటాను.

పొగడ్తలే చెప్తే జవాబు సగమే అవుతుంది. 2019లో పదేళ్ళకి తొంభై మూడు మిలియన్ డాలర్ల కాంట్రాక్టు తీసుకున్న ఈ మనిషే, కాలేజీ ఆటగాళ్ళకి జీతాలిచ్చే రోజొస్తే నేనింకో పని చూసుకుంటానని 2014లో అన్నాడు. నాకప్పుడూ మింగుడుపడలేదు, ఇప్పుడూ పడదు. టీంలో మత ప్రచారం ఎక్కువైందని అదే ఏడాది ఒక సంస్థ ఫిర్యాదు కూడా చేసింది. మీ మేనల్లుడు వెళ్ళేది ల్యాబ్‌కి కాబట్టి వాడికి దాంతో పని ఉండదు, కానీ బైబిల్ మాట ప్రతి ప్రెస్‌మీట్‌లో వినపడుతుంది, అలవాటు పడతాడు.

ఇక నేను మొదట చెప్పిన మాటకి రుజువు పదేళ్ళ తర్వాత దొరికింది. 2021 డిసెంబర్‌లో వెనబుల్స్ హెడ్ కోచ్‌గా ఓక్లహామాకి, ఎలియట్ వర్జీనియాకి వెళ్ళిపోయారు. ఈసారి స్వినీ బయటికి చూడలేదు, రెండు ఉద్యోగాలూ ఇంట్లోవాళ్ళకే ఇచ్చాడు. ఏడాదికే అఫెన్స్ వాణ్ణి మార్చాల్సొచ్చింది, మూడేళ్ళకి డిఫెన్స్ వాణ్ణి. వేరే కాలేజీల నుంచి ఆటగాళ్ళు మారొచ్చే కొత్త పద్ధతిని కూడా చాలా కాలం ముట్టుకోలేదు. తనవాళ్ళ మీద ప్రేమ ఎక్కువ, ఫిలిప్స్ తనకి చేసిందే తనూ అందరికీ చేద్దామనుకున్నట్టున్నాడు. ఫిలిప్స్ ప్రాక్టీసులు చూసి నమ్మాడు. వీళ్ళని స్వినీ ఏం చూసి నమ్మాడో నాకు తెలియలేదు.

మీవాడికి: సెప్టెంబర్‌లో వచ్చే చిన్న టీంల గేమ్‌తో మొదలుపెట్టమనండి, టికెట్ సులభం, ఎండ భయంకరం, టోపీ ఉండాలి. కూచోవడానికి కొండ కనపడే సీటు చూసుకోవాలి. ఆట మొదలయ్యే ముందు ఆటగాళ్ళు బస్సుల్లో స్టేడియం చుట్టూ తిరిగొచ్చి, ఒక చివర గడ్డి గుట్ట మీదికెక్కి, అక్కడ పీఠం మీదున్న రాయిని తాకి కిందికి పరిగెత్తుకొస్తారు. కాలిఫోర్నియాలో డెత్ వ్యాలీ నుంచి ఎవరో తెచ్చిచ్చిన రాయి అది, పాత కోచ్ ఫ్రాంక్ హోవర్డ్ కొన్నేళ్ళు ఆఫీసు తలుపుకి అడ్డంగా వాడాడు. ఆ రెండు నిమిషాలు చూడకపోతే మిగతాది చూసినా చూడనట్టే, అందుకని అరగంట ముందే లోపల ఉండాలి. వాన సూచన ఉంటే రెయిన్‌కోటు తీసుకెళ్ళమనండి, గొడుగు గేటు దగ్గరే వదిలేయాల్సొస్తుంది. సౌత్ కరోలైనా గేమ్ మాత్రం మొదటి ఏడాది టీవీలోనే చూడమనండి, ఆ టికెట్ ధర చూస్తే ఒక నెల ఇంటద్దె గుర్తొస్తుంది.